రేగి వడియాలు బూజు పట్టకుండా పెట్టుకోవడం ఎలా?

సంక్రాంతి నెల పట్టిందంటే ఈ ప్రశ్నలు మొదలవుతాయి. "రేగి వడియాలు పెడితే వారానికే బూజు వచ్చింది, ఎందుకు?" "మిక్సీలో వేస్తే గింజలు పగిలి నోట్లో గరగరలాడుతున్నాయి, ఏం చేయాలి?" "మా దగ్గర ఆపిల్ బేర్ (ఆపిల్‌లా ఉండే పెద్ద రేగు) తప్ప దొరకదు, దాంతో పెట్టొచ్చా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతి ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. వడియం చెడిపోతే అందరూ ఎండనే తిడతారు. చాలాసార్లు తప్పు ఎండది కాదు. పండును వాడబెట్టకుండా పచ్చిగానే దంచడం, మందంగా తట్టడం, ఈ రెండూ మానుకుంటే జనవరి ఎండ సరిపోతుంది.

ఏ పండు కావాలి?

గట్ల మీద, బీళ్లలో, చెరువు కట్టల పక్కన ముళ్లతో పెరిగే నాటు రేగు కావాలి. గోళీకాయంత ఉంటుంది, కండ తక్కువ, గింజ పెద్దది, పులుపూ తీపీ రెండూ ఉంటాయి. వడియానికి రుచినిచ్చేది ఆ పులుపే. గంగరేగు పెద్దది, కోలగా ఉంటుంది, కొరుక్కు తినడానికి బాగుంటుంది. ఆపిల్ బేర్ అయితే నీరెక్కువ, పులుపు దాదాపు ఉండదు. అదొక్కటే దొరికేవాళ్లకు కింద వేరే దారి చెప్పాను.

డిసెంబరు చివర్లో పండ్లు మొదలై సంక్రాంతికి బాగా అందుతాయి. పూర్తిగా పండి, ఎర్రగా గానీ ముదురు గోధుమరంగులో గానీ ఉండి, తోలు కాస్త ముడతపడినవి వడియాలకు మంచివి. దోరకాయలు రోటి పచ్చడికి ఉంచుకోండి. పచ్చివి కలిపితే వడియం వగరెక్కుతుంది, ఎంత బెల్లం వేసినా ఆ వగరు పోదు.

మీరే ఏరుకోబోతుంటే శబరిలాగా ఒక్కో చెట్టు పండు కొరికి చూడండి. ఒకే గట్టు మీద పక్కపక్కనున్న రెండు చెట్ల రుచి ఒకటి కాదు. ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే ఏ చెట్టు పండు బాగుంటుందో చెబుతారు, ఆ చెట్టుకే వెళ్లండి.

ఏరేటప్పుడు జాగ్రత్తలు

పత్తి, మిరప చేల గట్ల మీది రేగు ముట్టుకోకండి. ఆ పంటలకు కొట్టిన పురుగుమందు పక్క పొదల మీదా పడుతుంది. కడిగితే పూర్తిగా పోతుందని నమ్మకం లేదు. పెద్ద రోడ్ల పక్కనున్న చెట్లూ వద్దు.

పొదలోకి చెయ్యి పెట్టేముందు కర్రతో నేల మీద తట్టి అలికిడి చేయండి. పాములు అక్కడే నీడకు చేరతాయి. రేగు ముల్లు ఒకటి నిటారుగా, ఇంకొకటి కొక్కెంలా ఉంటుంది. చెయ్యి లోపలికి పోయేటప్పుడు తెలియదు, వెనక్కి తీసేటప్పుడు చీరేస్తుంది. అందుకే కోయడం కంటే కింద పాత చీరో దుప్పటో పరిచి కొమ్మను కర్రతో దులపడం మేలు. పండినవే రాలతాయి, పచ్చివి చెట్టునే ఉంటాయి. ఏరివేత పని సగం అక్కడే అయిపోతుంది.

భోగి పళ్ల సంగతి

"భోగికి తెచ్చిన పళ్లతో వడియాలు పెట్టొచ్చా?" అని చాలామంది అడుగుతారు. పిల్లల తల మీద పోసిన పళ్లు దిష్టి తీసినవని ఎవరూ తినరు. ఆ ఆచారాన్ని అలాగే ఉంచుదాం. కాబట్టి కొన్నప్పుడే రెండు భాగాలు చేసుకోండి. భోగి పళ్లకు ఒక గిన్నెడు తీసి చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు కలుపుకోండి. మిగతావి పూజగదిలోకి కూడా తేకుండా నేరుగా వడియాలకు పెట్టేయండి.

భోగి పళ్లు పోసేది చిన్నపిల్లలకే కదా, వాళ్లు చేతికందింది నోట్లో పెట్టుకుంటారు. రేగి గింజ, శనగ, రూపాయి నాణెం ఏది గొంతులో అడ్డం పడినా ప్రమాదమే. పోయడం అవ్వగానే చాప మొత్తం దులిపి, మంచం కిందికి దొర్లినవి కూడా ఏరేయండి. పేరంటం సందడిలో ఇది మర్చిపోతుంటారు.

తెలంగాణ పల్లెల్లో వాకిట్లో గొబ్బెమ్మలు పెట్టి గరిక, పిండికూర, రేగుపండ్లు, నవధాన్యాలు వేస్తారు. ఆ పండ్లు కూడా లెక్కలో పెట్టుకుని కొంచెం ఎక్కువే తెచ్చుకోండి.

కావలసినవి (కిలో పండ్లకు)

- పండిన నాటు రేగు: 1 కిలో
- బెల్లం: 200 నుంచి 250 గ్రాములు, పొడిగా ఉన్నది
- పచ్చిమిర్చి: 8 నుంచి 10 (లేదా ఎండుమిర్చి 8)
- ఉప్పు: ఒకటిన్నర చెంచా
- జీలకర్ర: 1 చెంచా
- ఇంగువ: పావు చెంచా
- తట్టడానికి అరటాకు, మోదుగాకు లేదా కాస్త నూనె రాసిన స్టీలు పళ్లెం
- పైన కప్పడానికి పలుచని నూలు బట్ట

అల్యూమినియం, రాగి పళ్లేలు వాడకండి. పులుపు వాటిని తింటుంది, వడియానికి లోహపు రుచి పడుతుంది.

పచ్చిమిర్చితో వాసన బాగుంటుంది. ఎండుమిర్చితో నిల్వ మరికాస్త నమ్మకం, నీరు తక్కువ కాబట్టి. మొదటిసారి పెడుతుంటే ఎండుమిర్చితో మొదలుపెట్టమని నా సలహా. బెల్లం అసలు వద్దనుకునేవాళ్లు ఉప్పు, కారంతోనే పెట్టుకోవచ్చు. అది అన్నిటికంటే తొందరగా ఎండుతుంది, కాకపోతే పులుపు ఘాటుగా తగులుతుంది.

చేసే విధానం

1. కడగండి. రెండు మూడు నీళ్లలో దుమ్ము పోయేదాకా కడిగి, లీటరుకు చెంచా ఉప్పు కలిపిన నీళ్లలో అరగంట ఉంచండి. కొన్ని పండ్లు తేలతాయి. తేలినంతమాత్రాన పురుగున్నట్టు కాదు, కానీ వాటిని విప్పి చూడకుండా కలపొద్దు. తర్వాత బట్ట మీద పరిచి తడి పూర్తిగా ఆరనివ్వండి.

2. పురుగు చూడండి. రేగులో పురుగు మామూలే. పండు మీద చిన్న రంధ్రం గానీ మెత్తబడిన మచ్చ గానీ కనిపిస్తే పక్కన పెట్టండి. పైకి బాగున్న వాటిలోంచి ఓ పది తీసి వేళ్లతో చీల్చి చూడండి. పదిలో ఒకటి రెండిటికి పురుగుంటే మొత్తం పండ్లను ఒక్కొక్కటిగా విప్పక తప్పదు. విసుగే, కానీ ఇంట్లో నలుగురు కూర్చుంటే గంట పని. సగానికి సగం పురుగే ఉంటే ఆ పండ్లతో వడియాలు పెట్టకండి.

3. వాడబెట్టండి. ఈ మెట్టు దాటేసినవాళ్ల వడియాలే ఎక్కువగా బూజు పడతాయి. పండ్లను ఒకే వరసగా పరిచి ఒక రోజు, అవసరమైతే రెండో రోజు మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచండి. తోలు బాగా ముడత పడాలి. వేళ్లతో నొక్కితే కండ గింజ మీద జారాలి, రసం మాత్రం కారకూడదు. రసం కారుతుంటే ఇంకో పూట ఉంచండి.

4. కారం ముద్ద చేయండి. రోట్లో మిర్చి, ఉప్పు, జీలకర్ర, ఇంగువ వేసి మెత్తగా దంచండి. తర్వాత తురిమిన బెల్లం వేసి కలిసేదాకా దంచి తీయండి. బెల్లం చెమ్మగిల్లి జిగురుగా ఉంటే వాడకండి. ఆ వడియం ఎన్నాళ్లెండినా చేతికి అంటుకుంటూనే ఉంటుంది.

5. పండ్లు దంచండి. అదే రోట్లో గుప్పెడు గుప్పెడు చొప్పున వేసి, రోకలిని బలంగా ఎత్తి దించకుండా నొక్కినట్టుగా దంచండి. కండ చితకాలి, గింజ పగలకూడదు. రేగి గింజ పెంకు చాలా గట్టిది, పగిలిన ముక్క పంటి చిగురుకు గుచ్చుకుంటుంది. రోలు లేకపోతే పండ్లను మందపాటి గిన్నెలో వేసి పప్పుగుత్తితో నలపండి. గింజలున్న పండ్లను మిక్సీలో వేయకండి. గింజలూ పగులుతాయి, బ్లేడూ పాడవుతుంది.

   పసిపిల్లలు, పళ్లు కట్టించుకున్న పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో గింజ తీసేసిన రకమే పెట్టండి. వాడిన పండ్లను చేత్తో పిసికి, పెద్ద చిల్లులున్న గిన్నెలో వేసి రుద్దితే కండ కిందికి దిగుతుంది, గింజలు పైనే ఉంటాయి. రాకపోతే ఒకటి రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు చల్లండి, అంతకు మించొద్దు. గింజ తీసిన కండను మిక్సీలో ఒక్క తిప్పు తిప్పినా ఫర్వాలేదు.

6. కలిపి రుచి చూడండి. పండు ముద్ద, కారం ముద్ద కలపండి. ఇప్పుడు ఉప్పు, కారం కాస్త తక్కువైనట్టు అనిపించాలి. నీరు ఇంకిపోయాక రెండూ పెరుగుతాయి. ఇప్పుడే సరిపోయిందనిపిస్తే ఎండాక ఎక్కువవుతుంది. పులుపు చాలా ఎక్కువుంటేనే ఇంకో 50 గ్రాముల బెల్లం వేయండి.

7. తట్టండి. చేతికి నూనె తడి చేసుకుని చిన్న ఉండ తీసి ఆకు మీద పలుచగా అదమండి. మందానికి కొలత గింజే. ఒక వడియంలో గింజలు ఒకే వరసలో పడాలి, గింజ మీద గింజ ఎక్కకూడదు. గింజ లేని రకమైతే రెండు రూపాయి నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం చాలు. అరచేతంత వెడల్పు చేయాలని ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది కూడా. కానీ మొదటిసారి అప్పచ్చి సైజు దాటొద్దు.

8. ఎండబెట్టండి. ఈ నెలలో పొద్దున పొగమంచు. అది విడిపోయి ఎండ చురుక్కుమన్నాకే, అంటే తొమ్మిదిన్నర, పది తర్వాత బయట పెట్టండి. సాయంత్రం నాలుగు నాలుగున్నరకల్లా లోపలికి తెచ్చేయండి. మంచు పడితే రోజంతా పోయిన తేమ మళ్లీ వచ్చి చేరుతుంది. రాత్రి గాలి ఆడే గదిలో బట్ట కప్పి ఉంచండి, మూత పెట్టొద్దు. రెండో రోజు పైపొర గట్టిపడ్డాక తిరగేయండి. ఆకుకు అంటుకుంటే లాగకండి, ఇంకో రెండు గంటలు ఎండితే అదే వదులుతుంది. మామూలుగా మూడు నుంచి ఐదు ఎండలు పడతాయి.

   బెల్లం వాసనకు చీమలు, కందిరీగలు వస్తాయి. మంచం మీద ఎండబెట్టి మంచం కోళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. పైన కప్పిన బట్ట వడియాలకు తగలకుండా నాలుగు మూలలా ఎత్తుగా కట్టండి.

9. చల్లార్చి నిల్వ చేయండి. ఎండలోంచి తెచ్చిన వేడి వడియాలను అలాగే సీసాలో పోస్తే లోపల చెమట పడుతుంది. ఒక గంట నీడలో ఆరనిచ్చి, పూర్తిగా పొడిగా ఉన్న గాజు సీసాలోకో జాడీలోకో ఎత్తండి. పాలిథిన్ కవర్లలో కట్టి పెట్టకండి.

ఎండిందో లేదో తెలిసేదెలా?

మధ్యలో విరిచి చూడండి. లోపల తడిమెరుపు కనిపించకూడదు. వేలితో నొక్కితే వేలిముద్ర పడకూడదు, వేలికి అంటకూడదు. గాజుముక్కలా టక్కున విరగాల్సిన పనిలేదు. తోలులా కాస్త వంగి తెగితే సరిగ్గా ఎండినట్టే.

అనుమానంగా ఉంటే దీన్ని మించిన పరీక్ష లేదు: నాలుగు వడియాలను ఖాళీ గాజు సీసాలో వేసి మూత బిగించి ఒక రాత్రి ఉంచండి. పొద్దున మూత లోపలివైపు ఆవిరి గానీ చెమ్మ గానీ కనిపిస్తే మొత్తం మళ్లీ ఎండకు వెళ్లాల్సిందే. పొడిగా ఉంటే నిశ్చింతగా ఎత్తిపెట్టండి. వడియాలన్నీ ఒకేలా ఎండవు కాబట్టి పరీక్షకు మందంగా ఉన్నవాటినే తీసుకోండి.

తరచూ వచ్చే తేడాలు

*తెల్లగా, పచ్చగా బూజు.* పారేయడమే. గీకేసి ఎండబెట్టి తినొచ్చా అని అడుగుతారు. వద్దు. బూజు పైన కనిపించేంతే ఉండదు. అదే సీసాలోని మిగతావి బాగున్నట్టు కనిపించినా నమ్మకండి.

*పులిసిన వాసన, బుడగలు.* తట్టిన మొదటి రోజే మబ్బు పట్టినప్పుడు ఇలా అవుతుంది. ఇవీ పనికిరావు. ఆకాశం తేడాగా ఉంటే ముద్దను తట్టకుండా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు చూడండి. మొదటి రెండు ఎండలే ముఖ్యం. మూడో రోజు మబ్బేస్తే టెన్షన్ పడకండి, ఫ్యాను కింద పెట్టి మర్నాడు ఎండకు వేయొచ్చు.

*ఎన్ని ఎండలైనా జిగురు.* బెల్లం ఎక్కువైంది, లేదా చెమ్మబెల్లం పడింది. చెడిపోయినట్టు కాదు. వాటిని చిన్న ఉండలుగా చుట్టి ఫ్రిజ్‌లో ఉంచుకుని నెలలోపు తినేయండి.

*రాయిలా గట్టి.* దోరకాయలు ఎక్కువ పడ్డాయి, లేదా ఎండ మరీ ఎక్కువైంది. నమలలేకపోతే పులుసులో వేయండి, నాని పులుపు దింపుతాయి.

*నల్లబడింది.* ఇది తేడానే కాదు. రేగి వడియం ఎండేకొద్దీ ముదురు గోధుమరంగుకు, నిల్వలో ఇంకా నల్లగా మారుతుంది. వాసన బాగుండి పొడిగా ఉంటే చాలు.

నాటు రేగు దొరకనప్పుడు, ఎండ లేనప్పుడు

ఆపిల్ బేర్‌తో పెట్టాలంటే గింజ తీసి ముక్కలు కోసి రెండు ఎండలు వాడబెట్టండి. కిలో పండ్లకు 50 గ్రాముల చింతపండును వీలైనంత తక్కువ నీళ్లలో నానబెట్టి తీసిన చిక్కని గుజ్జు కలపండి. బెల్లం సగానికి తగ్గించండి. బాగుంటాయి, కానీ నాటు రేగి వడియం తిన్న నాలుకకు తేడా తెలుస్తుంది.

బయటి దేశాల్లో ఉన్నవాళ్లకు చైనా దుకాణాల్లో ఎర్రటి ఎండు జుజుబ్ దొరుకుతుంది. రేగు జాతిదే, కానీ ఒట్టి తీపి. వేడినీళ్లలో నానబెట్టి, గింజ తీసి, చింతపండు గుజ్జు, కారం, ఉప్పు వేసి బెల్లం మానేస్తే దగ్గరి రుచి వస్తుంది. భోగి పళ్లకు కొందరు క్రాన్‌బెర్రీలు పోస్తున్నారు, ఆ వేడుకకు అవి చాలు.

ఒవెన్‌లో అయితే 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ మధ్య పెట్టి, తలుపు సందులో చెక్కగరిటె ఉంచి ఆవిరి పోనివ్వండి. ఎనిమిది గంటల తర్వాత చూడటం మొదలుపెట్టండి, మధ్యలో ఒకసారి తిరగేయండి. వేడి పెంచితే తొందరగా అవుతుందనుకోవద్దు. పైపొర బిగుసుకుపోయి లోపల పచ్చిగా ఉంటుంది, వారం తర్వాత బూజు అక్కడినుంచే వస్తుంది. డీహైడ్రేటర్ ఉంటే 60 డిగ్రీల దగ్గర పది నుంచి పద్నాలుగు గంటలు. సీసా పరీక్ష వీటికీ తప్పదు.

ఇక్కడినుంచి విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపాలనుకుంటే గింజలేని రకమే పంపండి. పండ్లు, గింజల మీద చాలా దేశాల్లో ఆంక్షలున్నాయి. ముందు ఆ దేశం నిబంధన చూసుకుని, తీసుకెళ్లేవాళ్లను విమానాశ్రయంలో దాచకుండా చెప్పమనండి.

మిగిలిన దోరకాయలతో రోటి పచ్చడి

పావుకిలో దోర రేగుకాయలను ఒక్కొక్కటే చితక్కొట్టి గింజ తీసేయండి. ఆరు పచ్చిమిర్చిని చుక్క నూనెలో మగ్గించండి. రోట్లో మిర్చి, అర చెంచా జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు దంచి, కాయలు వేసి కచ్చాపచ్చాగా నూరండి. చిటికెడు బెల్లం వేస్తే వగరు తగ్గుతుంది. ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు పోపు పెట్టి వేడన్నంలో తినండి. ఇది నిల్వ పచ్చడి కాదు. ఆ రోజుకు, ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి.

ఎలా తినాలి, ఎన్నాళ్లుంచాలి

ఇవి నూనెలో వేయించే వడియాలు కావు, బెల్లం మాడి చేదెక్కుతుంది. పెరుగన్నంలో నంజుకోండి, లేదా నోట్లో వేసుకుని చప్పరించి గింజ ఊసేయండి. బెండకాయ పులుసులో గింజలేనివి రెండు వేస్తే చింతపండు తగ్గించుకోవచ్చు.

రథసప్తమికి తల మీద జిల్లేడాకులు, రేగుపండ్లు పెట్టుకుని స్నానం చేస్తాం కదా, పండ్ల కాలం దాదాపు అప్పటికి ముగింపుకొస్తుంది. ఆ తర్వాత దొరికే వాటిలో పురుగెక్కువ. కాబట్టి వడియాల పని భోగికి, రథసప్తమికి మధ్యే పూర్తిచేసుకోండి. సీసాలోకి ఎప్పుడూ పొడి చెంచానే పెట్టండి. వేసవిలో ఒకసారి, వానలు మొదలయ్యేలోపు మే చివర్లో ఇంకోసారి అన్నిటినీ పళ్లెంలో పరిచి ఒక పూట ఎండ చూపించి, చల్లారాక మళ్లీ ఎత్తిపెడితే వచ్చే సంక్రాంతి దాకా ఉంటాయి.